పర్యావరణ బోధన సామగ్రి: మంచిచెడ్డల విచారణ

పర్యావరణాన్ని గురించి పాఠం చెప్పవలసిన ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునికి ఒకప్పుడు సామగ్రి దొరకటమే కష్టంగా ఉండేది. అహమదాబాదులో 1984లో పర్యావరణ విద్యా కేంద్రం, చెన్నైలో 1989లో సి.పి.ఆర్. పర్యావరణ విద్యా కేంద్రం వెలసినవి. 1991 నవంబరు 22న, ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో, పర్యావరణం పాఠశాలల్లోను కళాశాలల్లోను తప్పనిసరి విషయం కావలెనని సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. పని ముందుకు సాగకపోవటంతో 2003 డిసెంబరులో అదే న్యాయస్థానం మళ్ళీ కలుగజేసుకొని, నమూనా పాఠ్యప్రణాళిక తయారు చేయమని జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలిని ఆదేశించింది. 2001-02 నుండి జాతీయ హరిత దళం పేరిట బడులలో పర్యావరణ సంఘాలు ఏర్పడినవి. వీటి వెంట కరదీపికలు, గోడపటాలు, క్విజ్ పుస్తకాలు, చిన్న చిన్న చలనచిత్రాలు బయలుదేరినవి. ఇప్పుడైతే ఉపాధ్యాయుని సెల్‌ఫోనులోనే రోజుకు నాలుగు కొత్త పాఠాలు వచ్చి పడుతున్నవి.

సామగ్రి లేదన్న ఫిర్యాదు ఈవిధంగా తగ్గి, ఉన్నదానిలో ఏది నమ్మదగినదన్న సందేహం పెరిగింది. ఈ రెండవ ప్రశ్నను గురించి చేయవలసినంత ఆలోచన తెలుగులో జరగలేదు. నిగనిగలాడే కాగితం, రంగుల బొమ్మలు, వెనుక అట్టమీద ఒక సంస్థ ముద్ర ఉంటే చాలు, పుస్తకం మంచిదేనని తీసుకోవటం అలవాటైపోయింది.

విదేశాలలో దీనికి ఒక కొలబద్ద తయారు చేసినవారున్నారు. 1971లో ఏర్పడిన ఉత్తర అమెరికా పర్యావరణ విద్యా సంఘం 1996లో బోధన సామగ్రికి మార్గదర్శకాలు ప్రకటించింది. అవి పరిశీలించమన్న గుణాలు ఆరు. విషయం నిష్పాక్షికంగాను నిర్దుష్టంగాను ఉన్నదా, తగినంత లోతుకు పోయిందా, విద్యార్థికి నైపుణ్యం కలిగిస్తుందా, పనికి పురికొల్పుతుందా, బోధనా పద్ధతి సరియైనదా, వాడుకకు అనుకూలమా అన్నవి అవి. 1977లో నాటి సోవియట్ జార్జియాలోని టిబిలిసి నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశం పర్యావరణ విద్యకు ఎరుక, జ్ఞానం, దృక్పథం, నైపుణ్యం, పాల్గొనటం అని ఐదు లక్ష్యాలు చెప్పింది. ఈ ఆరు గుణాలలో ఆ ఐదు లక్ష్యాల జాడ స్పష్టంగానే కనిపిస్తుంది.

కొలబద్ద మంచిదే. కాని పది సంచుల బియ్యం ఎదుట పెట్టుకొని ఏ సంచి కొనవలెనో తేల్చుకొనే వర్తకునికి పనికివచ్చే కొలబద్ద అది. తెలుగు మాధ్యమంలో చెప్పే ఉపాధ్యాయుని చేతిలో సాధారణంగా ఉండేది ఒక్క సంచి. అందులో రాళ్ళున్నవని పారవేస్తే ఆ పూట వంట లేదు. రాళ్ళు ఏరుకోవలసిందే. అందుచేత ఇక్కడ సామగ్రిని పరీక్షించటమంటే మంచిదాన్ని ఎన్నుకొని చెడ్డదాన్ని వదిలివేయటం కాదు. ఉన్న పుటలోని తప్పును కనిపెట్టి, ఆ తప్పునే పాఠంగా మార్చుకోవటం. ఆ పనికి కావలసిన పరికరాలు చాలావరకు పదవ తరగతి విజ్ఞానశాస్త్రంలోనే ఉన్నవి.

ఒక ఉదాహరణ. ఒక చెట్టు నలుగురు మనుషులకు సరిపడే ప్రాణవాయువునిస్తుందనే వాక్యం బడి గోడలమీద, కరపత్రాలమీద తరచు కనిపిస్తుంది. నలుగురన్నది కొన్నిచోట్ల ఇద్దరవుతుంది, మరికొన్నిచోట్ల పదిమంది అవుతుంది. అంకె ఇట్లా మారుతూ ఉండటమే మొదటి అనుమానానికి కారణం కావలెను. సాధారణమైన పనిపాటలు చేసుకొనే మనిషి రోజుకు సుమారు 550 లీటర్ల ప్రాణవాయువు వినియోగిస్తాడు. దాని బరువు ఇంచుమించు 750 గ్రాములు. నలుగురికి ఏడాదికి లెక్క కడితే దాదాపు 1,100 కిలోలు. ఇక చెట్టు సంగతి. ఆకులో తయారైన చక్కెర చివరకు కలపగా మారుతుంది. కలపలో ముఖ్య పదార్థమైన సెల్యులోజు 162 గ్రాములు తయారైతే 192 గ్రాముల ప్రాణవాయువు వెలువడుతుంది. రసాయన సమీకరణం వ్రాయగల విద్యార్థి ఈ అంకెలు తానే రాబట్టవచ్చును. ఈ లెక్కన 1,100 కిలోల ప్రాణవాయువు గాలిలో మిగలవలెనంటే ఆ చెట్టు ఏటా 900 కిలోలకు పైగా ఎండు బరువు పెరగవలెను. బడి ఆవరణలో నిలిచి ఉన్న వేపచెట్టు ఏటా అంత పెరుగుతున్నదా? పది సంవత్సరాలకు తొమ్మిది టన్నులు కావలసి ఉంటుంది. చూచేవారికే తెలుస్తుంది.

అంతటితో కాలేదు. రాలిన ఆకులు కుళ్ళేటప్పుడు, ఎండుకొమ్మలు పొయ్యిలో మండేటప్పుడు పుట్టిన ప్రాణవాయువు తిరిగి ఖర్చయిపోతుంది. ఎదుగుదల ఆగిన ముదురు అడవిలో పుట్టేది, ఖర్చయ్యేది దాదాపు సమానం. 2019లో అమెజాన్ అడవులు తగులబడినప్పుడు ప్రపంచపు ప్రాణవాయువులో 20 శాతం అక్కడినుండే వస్తున్నదని దేశాధినేతలు సైతం ప్రకటించారు. అడవి తాను పుట్టించిన ప్రాణవాయువును తానే, తనలోని జీవులే, వాడుకొంటున్నవి గనుక నికరంగా మిగిలేది సున్నకు దగ్గర. గాలిలోని 20.9 శాతం ప్రాణవాయువు కోట్ల సంవత్సరాలుగా, జీవపదార్థం కుళ్ళకుండా సముద్రపు మట్టిలో పూడిపోవటం వల్ల పోగుపడిన నిల్వ. అది ఒక అగ్నిప్రమాదంతో తరిగిపోయేది కాదు.

అయితే అడవి వల్ల లాభం లేదా అని విద్యార్థి అడుగుతాడు. అడగవలెను. అడవి గాలికి తేమనిచ్చి వానకు తోడ్పడుతుంది, మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుంది, లెక్కలేనన్ని జీవులకు ఇల్లు, బొగ్గుపులుసు వాయువు కావలసిన కార్బన్‌ను కలపలో బంధించి ఉంచే కొట్టు. ఇన్ని నిజమైన కారణాలుండగా ఒక అబద్ధపు కారణం చెప్పి చెట్లు నాటించటం ఎందుకు? ఆ అబద్ధం ఏదో ఒకనాడు బయటపడినప్పుడు విద్యార్థికి నిజమైన కారణాలమీద కూడ నమ్మకం పోతుంది. రావిచెట్టు రాత్రివేళ ప్రాణవాయువు విడుస్తుందన్న మాట కూడ ఇటువంటిదే. వెలుతురు లేనిదే ఆకు నీటిని విడగొట్టలేదు, నీరు విడనిదే ప్రాణవాయువు లేదు. బ్రహ్మజెముడు, కలబంద వంటివి రాత్రివేళ బొగ్గుపులుసు వాయువును పీల్చి దాచుకొనే మాట నిజం. కాని అవి కూడ ప్రాణవాయువును విడిచేది పగలే. రావిచెట్టుమీది భక్తికి ఈ సత్యం వల్ల వచ్చే లోటేమీ లేదు.

లెక్కలో తప్పు కంటె ప్రమాదకరమైన తప్పు మరొకటి ఉన్నది. వాక్యం నిజమే అయినా ఆ ఊరికి అది నిజం కాకపోవటం. నీటిని కాచి చల్లార్చి త్రాగవలెను అని ఆరోగ్య పాఠాలన్నీ చెబుతున్నవి. సూక్ష్మజీవుల విషయంలో ఇది శిరోధార్యమైన సలహా. కాని నల్గొండ, ప్రకాశం జిల్లాలలోని ఎన్నో గ్రామాలలో నీటి ప్రధాన దోషం సూక్ష్మజీవులు కాదు, ఫ్లోరైడు. మనదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధి వైద్యగ్రంథాలకు ఎక్కినదే 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామాలను బట్టి. కాచితే ఫ్లోరైడు పోదు. పది లీటర్ల నీరు కాగి తొమ్మిది లీటర్లయితే, లీటరుకు 1.8 మిల్లీగ్రాములున్న ఫ్లోరైడు 2 మిల్లీగ్రాములవుతుంది. భారత ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే దిక్కు లేనిచోట 1.5 వరకు సహిస్తారు. పండ్లమీద గోధుమరంగు చారలున్న పిల్లలు కూర్చున్న తరగతిలో, కాచి త్రాగండి అన్న పాఠాన్ని వల్లె వేయిస్తే ఆ పుస్తకం అచ్చుతప్పు లేకుండానే హాని చేసినట్లు.

దీనికి మరమ్మతు ఏమిటి? ఆ పాఠం చివర, ఏ దోషానికి ఏ చికిత్స అన్న ప్రశ్న చేర్చటం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. ప్రపంచ సాంకేతిక గ్రంథాలలో దాని పేరు నల్గొండ పద్ధతి. ఒక తెలుగు జిల్లా పేరు మోస్తున్న పద్ధతి తెలుగు పిల్లల పరిసరాల పాఠంలో ఉండవలసిన అవసరాన్ని వేరుగా చెప్పనక్కరలేదు. తమ బావి నీటి పరీక్షాఫలితం గ్రామపంచాయతీలోనో, తాగునీటి శాఖ కార్యాలయంలోనో అడిగి తెచ్చి, ఆ అంకెను నల్లబల్లమీద వ్రాసి పాఠం మొదలుపెట్టే ఉపాధ్యాయుడు ఎంత ఖరీదైన గోడపటం కంటెను మెరుగైన సామగ్రి సంపాదించినట్లే.

నిష్పాక్షికత అన్న గుణం వినటానికి సులువు, పాటించటానికి కష్టం. కొల్లేరు పాఠాన్ని చూడండి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సులో 308 చదరపు కిలోమీటర్లను 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ ఒప్పందపు జాబితాకెక్కింది. 2006లో సరస్సు గర్భంలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పెద్దయెత్తున తెగగొట్టించింది. పోటీపరీక్షల కోసం వ్రాసిన పుస్తకాలు మొదటి రెండు సంవత్సరాలను కంఠస్థం చేయించి, మూడవదాన్ని గురించి మౌనం వహిస్తవి. అసలు పాఠం ఆ మూడవదానిలోనే ఉన్నది. చేపల చెరువులవారు వేరు, వల పట్టి బ్రతికే సంప్రదాయ మత్స్యకారులు వేరు, లంకగ్రామాలలో వ్యవసాయం చేసుకొనేవారు వేరు, కొంగలు, గూడబాతులు వేరు. వీరందరికీ కావలసిన నీటిమట్టం ఒకటి కాదు. ఒక్క పక్షం మాటే చెప్పిన పాఠం, అది పక్షుల పక్షమైనా సరే, లోపభూయిష్టమే.

కాని ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రెండు వైపులా చెప్పటమన్న సూత్రాన్ని దుర్వినియోగం చేసినవారున్నారు. భూగోళం వేడెక్కటాన్ని గురించి శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదని వాదించే పుస్తకాన్ని 2017లో అమెరికాలోని హార్ట్‌లాండ్ సంస్థ వేలాదిమంది విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులకు ఉచితంగా పంపింది. అంతకుముందు 2011లో, బొగ్గు పరిశ్రమకు చెందిన ఒక ప్రతిష్ఠానం సొమ్ముతో స్కొలాస్టిక్ అనే ప్రచురణ సంస్థ నాలుగవ తరగతికి తయారు చేసిన ఇంధన పాఠాలలో బొగ్గు ప్రయోజనాలే గాని దాని పొగ, గనుల నష్టం లేవని ఆందోళన చెలరేగగా, ఆ సంస్థ వాటి పంపిణీ ఆపివేసింది. కొల్లేరులో నీటిమట్టం ఎంత ఉండవలెనన్నది ప్రయోజనాల తగాదా. అందులో అన్ని పక్షాలనూ వినిపించవలెను. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిందా లేదా అన్నది కొలతకు సంబంధించిన విషయం. కొలతకు ప్రతిపక్షం మరొక కొలతే గాని అభిప్రాయం కాదు. ఈ తేడా తెలియకపోతే ఉపాధ్యాయుడు మర్యాదకు పోయి అసత్యానికి పీట వేసినవాడవుతాడు. పుస్తకానికి డబ్బు పెట్టినదెవరు అన్న ప్రశ్న ఇందుకే మొదటి పుటలోనే అడగవలెను. డబ్బు పెట్టినవాడు చెప్పినదంతా తప్పని కాదు. అతడు చెప్పకుండా వదిలినదేమిటో వెతకటానికి అది ఆనవాలు.

రెండవ ప్రశ్న, ఎప్పుడు అచ్చయింది అన్నది. తెలుగు కరదీపికలలో అచ్చయిన సంవత్సరం దొరకటమే గగనం. రాబందుల సంగతి తీసుకొంటే ఈ లోటు ఎంతటిదో తెలుస్తుంది. 1992, 2007 సంవత్సరాల నడుమ తెల్లవీపు రాబందులు మనదేశంలో 99 శాతానికి పైగా తగ్గిపోయినవి. మొదట్లో అంటువ్యాధి అనీ, పురుగుమందులనీ అనుకొన్నారు. 2004లో, పాకిస్తానులో జరిగిన పరిశోధనను బట్టి, పశువులకు నొప్పి తగ్గటానికిచ్చే డైక్లోఫెనాక్ అనే మందే కారణమని తేలింది. ఆ మందు పడిన పశువు కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతున్నవి. 2006లో మన ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. 2004కు ముందు వ్రాసిన పుస్తకం పురుగుమందులను నిందిస్తే అది ఆనాటి జ్ఞానం. అదే వాక్యం ఇవాళ్టి పుస్తకంలో ఉంటే పాతపుస్తకం చూచి వ్రాసిన ఆనవాలు. రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చదివించే అవకాశమున్న ఉపాధ్యాయుడు అదృష్టవంతుడు. శాస్త్రం తన మాటను తానే ఎట్లా దిద్దుకొంటుందో చూపటానికి ఇంతకంటె చక్కని పాఠం అరుదు.

కళాశాలల కోసం విశ్వవిద్యాలయ నిధుల సంఘం తరఫున ఎరాక్ భరూచా 2004లో వ్రాసిన పాఠ్యగ్రంథాన్ని ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు కూడ సంప్రదింపు గ్రంథంగా వాడుకొనవచ్చును. వృత్తిచేత శస్త్రవైద్యుడైన భరూచా అడవులు స్వయంగా తిరిగి చూచినవాడు. జీవవైవిధ్యం, ఆవరణ వ్యవస్థల అధ్యాయాలలో ఆ అనుభవం కనిపిస్తుంది. కాలుష్యాన్ని గురించిన భాగాలు అంత పుష్టిగా లేవు. నిర్వచనాలు, వర్గీకరణలు ఎక్కువ. ఆ పాఠ్యప్రణాళికలో నూటికి 25 మార్కులు క్షేత్రపరిశీలనకు కేటాయించటం దాని ప్రధానమైన సుగుణం. చెరువునో, పొలాన్నో, కాలుష్యానికి గురైన చోటునో చూచి వ్రాయమని అది కోరుతుంది. చూడకుండా వ్రాసిన నివేదికకు మార్కులు వేసే అధ్యాపకుడు ఎదురైతే గ్రంథకర్త ఏమి చేయగలడు!

పుస్తకం కాని సామగ్రి ఇటీవల తేరగా దొరుకుతున్నది, దాన్ని వాడేవారు మాత్రం తక్కువ. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం 2009 నుండి నడుపుతున్న భువన్ పటాలలో తమ ఊరి చెరువును ఆకాశంనుండి చూడవచ్చును. శిఖం ఎంతవరకు ఉండేదో ఊరి పెద్దలనడిగి, పటంలో ఇప్పుడెంత ఉన్నదో పోల్చటం ఒక తరగతికి నెలరోజుల పని. కేంద్ర భూగర్భజల సంస్థ తన పరిశీలన బావులలో నీటిమట్టాన్ని ఏటా నాలుగుసార్లు కొలుస్తుంది. 2010లో మొదలైన సీజన్‌వాచ్ కార్యక్రమం వారానికొకసారి ఒకే చెట్టును చూచి చిగురు, పూత, కాయ ఎంత ఉన్నదో నమోదు చేయమంటుంది. మామిడి, వేప, చింత, రేల దాని జాబితాలో ఉన్నవి. దీనికి ఖర్చు లేదు, ప్రయాణం లేదు. ఆరు గుణాల కొలబద్దతో కొలిస్తే నైపుణ్యం విషయంలో దీనికి పూర్తి మార్కులు పడతవి. లోతు విషయంలో మాత్రం ఉపాధ్యాయుడు కొంత జోడించవలసి ఉంటుంది: పూత ఈ ఏడు ముందు వచ్చిందంటే కారణం వేడియా, వానా, చెట్టు వయస్సా అన్నది ఒక్క ఏటి లెక్కతో తేలదు.

చివరకు భాష. పుస్తకంలో శాస్త్రం నిర్దుష్టంగా ఉండి కూడ, అనువాదంలో చెడిపోవటం తెలుగు సామగ్రికి పట్టిన ప్రత్యేకమైన జబ్బు. వాతావరణం అన్న ఒక్క మాటచేత ఎన్ని చాకిరీలు చేయిస్తున్నారో చూడండి. భూమిని కప్పి ఉన్న గాలిపొర వాతావరణం. ఇవాళ ఎండా, వానా అన్నదీ వాతావరణమే. ముప్పై ఏండ్ల సగటుగా లెక్కించే ఎండ, వాన, తేమల తీరూ వాతావరణమే. సభ చల్లగా జరిగితే అదీ స్నేహపూరిత వాతావరణమే. వాతావరణ మార్పు అన్న శీర్షిక క్రింద పాఠం చదివిన విద్యార్థి, నిన్న ఎండ కాచి నేడు వాన పడటమే ఆ మార్పని వ్రాస్తే తప్పు అతనిది కాదు. ఓజోను పొరకు చిల్లు పడి అందులోనుండి ఎండ ఎక్కువగా దిగటం వల్ల భూమి వేడెక్కుతున్నదని వ్రాసే విద్యార్థి కూడ ఇటువంటి గందరగోళంలోనే చిక్కుకొన్నాడు. ఓజోను తరిగితే పెరిగేది అతినీలలోహిత కిరణాల తాకిడి. భూమి వేడెక్కటానికి ముఖ్యకారణం, నేలనుండి తిరిగిపోయే వేడిని బొగ్గుపులుసు వాయువు మొదలైనవి పట్టి ఉంచటం. మొదటిదానికి 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో మందు దొరికింది, రెండవదానికి ఇంకా వెతుకుతున్నారు. రెండింటినీ వాతావరణ కాలుష్యం అన్న ఒకే మూటలో కట్టి ఇచ్చిన పుస్తకాలు ఈ పొరపాటుకు బాధ్యత వహించవలెను.

మంచి మాట తెలుగులో లేక కాదు. దీర్ఘకాలపు సగటు తీరుకు శీతోష్ణస్థితి అన్న పదం భూగోళశాస్త్ర పాఠాలలో ఎంతోకాలంగా ఉన్నది. ఒకే తరగతిలో సాంఘికశాస్త్రం పుస్తకం శీతోష్ణస్థితి అంటుంది, విజ్ఞానశాస్త్రం పుస్తకం వాతావరణ మార్పు అంటుంది. ఈ రెండూ ఒకే వస్తువును గురించిన మాటలని ఎవరైనా చెబితే తప్ప విద్యార్థికి తెలియదు. ఆ రెండు పుస్తకాలు చెప్పే ఉపాధ్యాయులు ప్రక్కప్రక్క గదులలోనే ఉంటారు.